కోటగుమ్మంలో ఒక్క గంప

“కొత్త షెడ్డు గేటు పక్కనే చోటిచ్చానమ్మా మీకు! లోపలికొచ్చేవాళ్లు ముందు మీ గంపే చూస్తారు. ఇంకా ఏంటి ఇబ్బంది?”

ఆ మాట అడగడం ఎన్నోసారో మణిశంకర్‌కే గుర్తులేదు. లోవలక్ష్మి చక్కెరకేళీ అరటిపళ్ల అత్తాలు గంపలో సర్దుకుంటోంది. తలెత్తలేదు.

“ఇబ్బందేం లేదండి. షెడ్డు చల్లగా ఉందంట. పూల నాగదుర్గ చెప్పింది.”

“మరి?”

“నేనిక్కడే ఉంటానండి.”

మణిశంకర్ కార్పొరేషన్‌లో వీధి వ్యాపారుల వ్యవహారాలు చూస్తాడు. రాజమండ్రికి బదిలీ మీద వచ్చి ఇంకా ఏడాది కాలేదు. పుష్కరాలు దగ్గర పడుతున్నాయని కోటగుమ్మం రోడ్డు ఖాళీ చేయించే పని అతని మీద పడింది. బళ్లవాళ్లకీ గంపలవాళ్లకీ వెనక వీధిలో షెడ్లు వేశారు. తిట్టినవాళ్లు తిట్టారు, ఏడ్చినవాళ్లు ఏడ్చారు. అందరికీ నచ్చజెప్పి పంపించాడు. మూతపడ్డ బట్టల కొట్టు అరుగు మీద లోవలక్ష్మి ఒక్కతే మిగిలింది.

ఆవిడంటే అతనికి అభిమానమే. ఈ ఊళ్లో “భోంచేశారా బాబుగారూ?” అని అతన్ని అడిగే మనిషి ఆవిడొక్కతే. ఒక్కడి కోసం ఏం వండుకుంటాంలే అనిపించిన సాయంత్రాల్లో, ఆవిడ దగ్గర పళ్లు కొనుక్కుని, అవే తిని పడుకునేవాడు. అందుకే గేటు పక్క చోటు పట్టుబట్టి మరీ ఆవిడకి ఇప్పించాడు. ఆవిడేమో దాన్ని నాగదుర్గకి ఇచ్చెయ్యమంది. అతనికి మనసు చివుక్కుమంది.

బళ్లు పోయాక ఆ రోడ్డు బోసిపోయింది. పూల వాసన లేదు, బజ్జీల పొయ్యి లేదు, కేకలు లేవు. కొనేవాళ్లు కూడా అటే వెళ్లిపోయారు. గంపలో పళ్లు మాగి నల్లబడుతున్నాయి. అయినా ఎవరైనా పెద్దావిడ అటుగా నడిచొస్తే లోవలక్ష్మి ముందు మొహంలోకి చూసేది. ఆ తర్వాతే, “పళ్లు కావాలా అమ్మా?” అనేది. బేరం కోసం పాపం ఎంత ఆశపడుతోందో అనుకునేవాడు మణిశంకర్.

షెడ్డు దగ్గర పూలమ్మే నాగదుర్గని కదిపాడు. “మీరంతా ఏళ్ల తరబడి పక్కపక్కన ఉన్నవాళ్లు. మీరైనా చెప్పకూడదా?”

“ఆయ్, చెప్పకేంటండి! దాని తీరే అంత. అందరం అన్నవరం వెళ్తే రాదు. రావులపాలెం నుంచి మంచి సంబంధమొచ్చింది. అంత దూరం వెళ్లనని మానేసింది. దాన్ని చేరదీసి పెంచిన పళ్లమ్మే మామ్మ పోయేదాకా మొత్తుకుంది, వింటేగా! కరోనాలో అమ్ముకోడానికి పండే లేదు కదండీ. అప్పుడూ వచ్చి వట్టి అరుగు మీద కూర్చునేది. పోలీసులు తరిమితే సందులోంచి చుట్టు తిరిగి మళ్లీ అక్కడికే వచ్చేది.”

“ఎందుకంట?”

“అడిగితే నవ్వుద్దండి. అంతే.”

రేపటికల్లా రోడ్డు ఖాళీగా కనబడాలని పై అధికారి గట్టిగా చెప్పాడు. మర్నాడు మణిశంకర్ ట్రక్కు ఆటో తీసుకుని, మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆవిడ అడ్డం పడుతుందనీ, శాపనార్థాలు పెడుతుందనీ దారంతా భయపడుతూనే ఉన్నాడు.

“ఏమనుకోకండమ్మా. నా ఉద్యోగం ఇది.”

“ఏమనుకుంటానండి. తీసుకెళ్లండి.”

గంప ఎత్తారు. చెయ్యి అడ్డం పెట్టలేదు. గొడుగు పీకారు, పీట పట్టుకెళ్లారు. ఊరుకుంది. ఆటో మలుపు తిరిగి వెళ్లిపోయింది. లోవలక్ష్మి మాత్రం మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని, ఆ వట్టి అరుగు మీద అలాగే కూర్చుంది.

మణిశంకర్‌కి అప్పటికి గానీ అర్థం కాలేదు. ఆవిడకి కావల్సింది బేరం కాదు. మిగతావాళ్లని వెళ్లమని చెప్పి, తనూ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

“ఎవరికోసమో చూస్తున్నారు కదూ?”

ఆవిడ చూపు స్టేషన్ వైపే ఉంది.

“పెళ్లి కూడా మానుకున్నారంట. ఎవరతను?”

లోవలక్ష్మి నవ్వింది. నాగదుర్గ చెప్పిన నవ్వు అదే కాబోలు అనుకున్నాడు. అందులో సిగ్గు లేదు, కోపం కూడా లేదు.

“పోనీ ఒక పని చేద్దాం. మీ ఫొటో, ఫోన్ నంబరు ఈ గోడకి అంటిస్తాను. ఎవరొచ్చినా నేరుగా షెడ్డుకే వస్తారు.”

“ఫొటో చూస్తే నన్ను పోల్చుకోలేరండి. చోటైతే పోల్చుకుంటారు.”

స్టేషన్ వైపు నుంచి జనం గుంపుగా వస్తున్నారు. ఆవిడ మెడ సాచి ఒక్కొక్క మొహమే చూసింది. గుంపు గోదావరి వైపు సాగిపోయింది. రోడ్డు మళ్లీ ఖాళీ అయింది.

మణిశంకర్ గొంతు తగ్గించి అడిగాడు. “ఎప్పుడొస్తానన్నారు?”

“‘కదలకుండా ఇక్కడే కూర్చో చిట్టీ, ఇప్పుడే వస్తా’ అని చెప్పెళ్లిందండి మా అమ్మ.”