ఒక పూత తక్కువ

“ఇదేనా మీరు చేసిన ఫార్మ్ హౌస్ స్టైల్?” అఫ్షాన్ గోడ వైపు వేలు చూపించింది.

తెల్లగా ఉండాల్సిన చెక్క గోడ మీద ఎక్కడ పడితే అక్కడ గోధుమ రంగు మరకలు. టీ ఒలికినట్టున్నాయి. ఆ గోడ బిగించి పదిహేను రోజులు కూడా కాలేదు.

వడ్రంగి భూమేష్ తల వంచుకున్నాడు. పక్కన అబూ ఫహద్ మోకాళ్ల మీద కూర్చొని ఒక మరకను బొటనవేలితో రుద్ది చూశాడు. పోలేదు.

“ఫోన్లో బొమ్మలు చూపించి మరీ చెప్పినా కదా,” అంది అఫ్షాన్. ఆమెది కర్నూలు, కాపురం సౌదీలో. “ఇంట్లో మనిషికింత అని ఈడి సర్కారుకు లెవీ కడుతుంటే కొత్త సామాను యాడ కొంటాం? తక్కువలో అయితాదని మీరంటేనే ఒప్పుకున్నా. గోనెగుడ్డ కర్టెన్లు నేనే కుట్టుకున్నా. అల్మారాలకు నల్ల ఇనుప పిడులు నేనే తెచ్చుకున్నా. ఆ తలుపు చూడు, ఎంత బాగుందో. ఈ గోడ చూస్తే కడుపు మండుతాంది.”

తలుపు భూమేష్ చేశాడు. ఇనుప పట్టీ మీద పక్కకు జరిగే పెద్ద చెక్క తలుపు. తమ ఊళ్లో బర్రెల కొట్టానికి కూడా ఇలాంటిది పెట్టరని నవ్వుకుంటూనే చేశాడు. కానీ బాగా చేశాడు.

గోడ అబూ ఫహద్ చేశాడు. యాభై ఏళ్ల సౌదీ. దుకాణంలో చేరి రెండు నెలలైంది. గోదాముల వాళ్లు సరుకు పేర్చుకొని పారేసిన చెక్క ప్యాలెట్లు విప్పి, చెక్కలు చిత్రిక పట్టి, ఒక్కొక్కటే గోడకు బిగించాడు. రంగు కూడా తనే వేశాడు. భూమేష్ ఎలా చెబితే అలా వేశాడు.

భూమేష్ ఒక్కటి చెప్పలేదు. ఆ చెక్కలో ముడులుంటాయి. ముడుల్లో బంక ఉంటుంది. ముందు లక్క పూత వేయకపోతే ఆ బంక తెల్ల రంగును తోసుకొని బయటికొస్తుంది. ఉలి పట్టిన ఎవడికైనా తెలిసిన సంగతే. భూమేష్ మరిచిపోలేదు. తన తలుపుకు వేసుకున్నాక లక్క డబ్బాను పనిముట్ల పెట్టె అడుగున దాచి మరీ ఊరుకున్నాడు.

మనవాళ్లంతా చేరే బతా బజారులో శుక్రవారం కలిసిన ప్రతివాడూ అదే మాటన్నాడు. “సౌదీలకు కొలువులియ్యాలనే నితాఖత్ రూలంటె ఏందనుకున్నవ్? సౌదీ ఒకడు లోపలికొస్తె మనోడొకడు బయటికి. పని నేర్పినవనుకో, నీ ఉలి నువ్వే ఇచ్చి పంపినట్టు.” భూమేష్‌ను ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డుకు గడువు ఇంకా వారమే ఉంది. దుకాణం మేనేజర్ పీర్ సాహెబ్ ఆ ఊసే ఎత్తడం లేదు. అబూ ఫహద్‌కు అంతా నేర్పమని మాత్రం రోజూ అంటున్నాడు.

“ముఅల్లిం,” అన్నాడు అబూ ఫహద్. మేస్త్రీని వాళ్లు అలాగే పిలుస్తారు. వచ్చీ రాని హిందీలో అడిగాడు. “నేను ఎక్కడ తప్పు చేశాను?”

చెప్పడానికి ఒక్క మాట చాలు.

“చెక్క మంచిది కాదు,” అన్నాడు భూమేష్.

అబూ ఫహద్ లేచి వెళ్లి తలుపును తడిమాడు.

“ఇదీ అదే చెక్క. నీ చేతిలో బాగుంది. నా చేతిలో చెడిపోయింది.”

తర్వాత అఫ్షాన్ వైపు తిరిగాడు. “తప్పు నాది. ముఅల్లిం సరిగ్గానే నేర్పాడు. నాకే రాలేదు.”

భూమేష్ చేయి పెట్టె మూత మీదే ఉంది. తెరవలేదు.

మర్నాడు పొద్దున లక్క డబ్బా చేత్తో పట్టుకొనే దుకాణానికి వచ్చాడు. అబూ ఫహద్‌కు చెప్పేద్దామనే వచ్చాడు. దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాడు.

పీర్ సాహెబ్ ఒక్కడే తల పట్టుకొని కూర్చున్నాడు. కడప మనిషి. చిన్న విషయానికి కంగారుపడే రకం కాదు.

“పోయినాడప్పా ఆయప్ప,” అన్నాడు.

“ఎవలు సాబ్?”

“అబూ ఫహద్, ఇంకెవరు? తెల్లారే వచ్చి రాజీనామా కాయితం నా ముందర పెట్టి పోయినాడు. పని చేతకాలేదంట. నీ తప్పేం లేదని మూడుసార్లు చెప్పినాడు.”

భూమేష్‌కు గుండె తేలికైంది. చేతిలోని డబ్బాను మెల్లగా వెనక్కు దాచాడు. చెప్పే పని తప్పింది. అది తప్పినందుకు సంతోషించిన తన మీద తనకే రోత పుట్టింది.

“ఎంత బతిమాలినానో!” అన్నాడు పీర్ సాహెబ్. “పని రాకుంటే మానె, నువ్వు ఇంట్లోనే కూచో, నెలనెలా జీతం పంపిస్తామంటి. చేయని పనికి జీతం హరామంట. ఫోను కూడా ఎత్తడంల్యా.”

“గంతగనం బతిమాలుడెందుకు సాబ్? పోతె పోనియ్యి.” భూమేష్ గొంతు తగ్గించాడు. “మరి నా ఇఖామాకు ఇగ ఏం అడ్డం లేదు గద?”

పీర్ సాహెబ్ తలెత్తాడు.

“పిచ్చోడా, ఈ దుకాణంలో ఉన్న సౌదీ ఆయప్ప ఒక్కడే. సర్కారు లెక్కలో ఆయప్ప పేరుంటేనే కదా నీ ఇఖామా రెన్యూ అయ్యేది!”