బీరువా వెనక గుసగుస

నాటకం మొదలై పావుగంట కాకముందే మొదటి ఫిర్యాదు వచ్చింది.

"మా బీరువా వెనక ఎవరో గుసగుసలాడుతున్నారండీ," అంది ఫోన్లో ఒక పెద్దావిడ.

సౌండ్ చూసుకునే అమ్మాయి గుండెల్లో రాయి పడింది.

హాల్లో కుర్చీలు సగం ఖాళీ. అసలు ప్రేక్షకులు ఇళ్ళలో ఉన్నారు. రెండు వందల మంది మైకులున్న బరువైన కళ్ళజోళ్ళు పెట్టుకుని కూర్చుంటే, నాటకం వాళ్ళ గదుల్లోకే వచ్చేసింది. నటులు వాళ్ళ మంచానికీ బట్టల దండేనికీ మధ్య నిలబడి మాట్లాడుతున్నారు. ఇక్కడివాళ్ళకు అక్కడి చప్పట్లూ మాటలూ వేదిక అంచున ఉన్న చిన్న స్పీకర్లో వినిపిస్తాయి.

నాయిక ఆ అమ్మాయి తల్లే. పక్షవాతంతో మాట పడిపోయి, రెండేళ్ళ తర్వాత మళ్ళీ ముఖానికి రంగు వేసుకుంది.

"ఈసారి ఆగిపోయానంటే ఇక వేదిక ఎక్కను," అని ముందే తేల్చి చెప్పింది.

అమ్మాయి హెడ్‌ఫోన్స్ చెవులకు అదిమి విన్నది. నిజమే. తల్లి ప్రతి మాటకూ ముందు ఓ గుసగుస.

గబగబా పక్కతెర వెనక్కి వెళ్ళింది. పీట మీద ఓ బక్కపలచని పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. చేతిలో కాగితం ముక్క కూడా లేదు.

"ఇక్కడ కూర్చోకూడదండీ. మీ గొంతు రెండు వందల ఇళ్ళలో వినిపిస్తోంది."

"మెల్లగానే అంటున్నానమ్మా."

"ఈ మైకులకు చీమ నడిచినా వినిపిస్తుంది. లేవండి బాబాయిగారూ."

"మూడో రంగం దాకా ఉండనివ్వమ్మా. మీ అమ్మగారికి..."

"మా అమ్మకు నాటకమంతా కంఠతా వచ్చు. తనే చెప్పింది నాతో."

ఆయన పీట మీంచి లేచాడు. చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా వెళ్ళిపోయాడు.

పీడ విరగడైందనుకుంది అమ్మాయి.

మూడో రంగంలో తల్లి ఆగిపోయింది.

"నిష్క్ర..." అంది. మళ్ళీ "నిష్..." అంది. నాలుక తిరగలేదు. కళ్ళు పక్కతెర వైపు వెళ్ళాయి. అక్కడ ఉత్త పీట ఉంది.

 కూతురు కంగారు పడకూడదని తల్లి అబద్ధం చెప్పిందని అమ్మాయికి అప్పుడర్థమైంది. ఆమెకున్న ఒక్క ఆసరానీ తనే చేజేతులా బయటికి పంపేసింది.

అంతలో వేదిక అంచున ఉన్న స్పీకర్లోంచి ఓ సన్నని గొంతు, ఏ తొందరా లేకుండా పలికింది.

"పొమ్మంటే పోయాను గానీ, పోవాలని పోలేదు."

తల్లి మొహం తేటపడింది. ఆ మాటే అందుకుని, కళ్ళనీళ్ళతో పలికింది. తర్వాత ఎక్కడా తడబడలేదు. స్పీకరు చప్పట్లతో మోగిపోయింది.

అమ్మాయి గుండె మీంచి పెద్ద బరువు దిగింది. చేతిలో ఉన్న నాటకం ప్రతి తిప్పి చూసింది. అక్కడున్నది వేరే మాట. 'నిష్క్రమణ నా నిశ్చయం కాదు, నిస్సహాయత.'

సౌండ్ పెట్టె మీద చూస్తే, గొంతు వచ్చింది ఎవరింటి నుంచీ కాదు. హాలు గుమ్మం దగ్గర, వచ్చినవాళ్ళు పెట్టుకుని చూడటానికని ఉంచిన కళ్ళజోడు నుంచి. నాటకం అయ్యాక పరుగెత్తింది. కళ్ళజోడు కుర్చీలో ఉంది, మనిషి లేడు.

"ఇప్పుడే బస్సెక్కేశారమ్మా," అన్నాడు వాచ్‌మన్.

లోపల తల్లి రంగు తుడుచుకుంటోంది.

"హమ్మయ్య, గట్టెక్కాను. వచ్చే నెల కూడా వేస్తానని చెప్పేశాను."

అమ్మాయి తల్లి భుజం మీద తల వాల్చేసింది.

"ఆయన్ని నేనే పంపేశానమ్మా."

"పీట చూడగానే అనుకున్నాలే. పోన్లే, ఎక్కడినుంచో అందించాడుగా."

"కానీ ఆయన చెప్పింది పుస్తకంలో లేదు. మాట మార్చడానికి ఆయనెవరు?"

తల్లి చేతిలో దూది అలాగే ఆగింది.

"ముప్పై ఏళ్ళుగా ఎవర్నీ అందులో ఒక్క అక్షరం కదపనివ్వలేదే ఆయన," అంది మెల్లగా. "ఇవాళ నా నాలుక కోసం తనే మార్చాడు, ఈ నాటకం రాసినాయన."