బత్తాయికి రేటు లేదు

సైదులు రంపం మిషన్ ఆన్ చేయగానే భార్య ఇందిర వచ్చి బత్తాయి చెట్టుకు అడ్డంగా నిలబడింది.

"జరుగు. నల్లగొండ మార్కెట్ల రెండేండ్ల సంది బత్తాయికి రేటు లేదు. తోట కొట్టేసి పత్తి పెడదాం."

"గట్లనా? మరి నీ షేరు రేటు పడ్డప్పుడల్ల ఇంకిన్ని కొంటున్నవు గదా?"

"అది వేరే. రేటు పడ్డది గని కంపెనీ విలువ పడలే. జనం భయపడి అమ్ముకుంటుంటే, తెలిసినోడు కొని ఓపిక పడతడు. దాన్నే వాల్యూ ఇన్వెస్టింగ్ అంటరు."

"అబ్బో! ఎన్నడు చూడని కంపెనీకి ఆరేండ్ల సంది ఓపిక. బిందెలతోని నీళ్లు మోసి బతికించిన చెట్లకు మాత్రం రంపం. మస్తు తెలివి! ఇంతకు గా కంపెనీ ఏం చేస్తది?"

అడిగిందే చాలని సైదులు మిషన్ ఆపేశాడు.

"డబ్బా జ్యూసులు. రేపు ఊరూరా అవే తాగుతరు, చూడు."

"ఏం పండ్ల జ్యూసులు?"

సైదులు నోరు తెరిచాడు. ఆమె వెనకున్న చెట్టును చూశాడు.

"బత్తాయి," అన్నాడు మెల్లగా.

ఇందిర కొంగు దోపుకొని పక్కకు జరిగింది.

"ఇగ కొట్టు. నీ కంపెనీ పత్తి పిండుకుంటదిలే."