కాపలా పరీక్ష

"కొట్టరా! గుడ్లప్పగించి చూస్తావేంటి?"

సూపర్‌వైజర్ అరుపుకి ఇనుప సామాను గోదాము మొత్తం ఉలిక్కిపడింది. కొత్త కాపలావాడు కర్ర ఎత్తాడు.

ఎదురుగా గోడ దూకిన ముసలాడు. చంకలో రాగి తీగ చుట్ట. పట్టపగలు, సరిగ్గా కాపలావాడు నిలబడ్డ చోటే దూకాడు. ఆకలికి కళ్లు కనపడవంటారు.

మొదటి దెబ్బ భుజం మీద పడింది. ముసలాడు మోకాళ్ల మీద కూలాడు.

"అది దెబ్బా, దోమని తోలడమా?" హమాలీలు పకపకా నవ్వారు.

కొత్తవాడికి అది మూడో రోజు. అదే ఆఖరి రోజు. ఊళ్లు ఎండిపోయి వలస వచ్చినవాళ్లంతా గోదాము వెనక పరదా గుడిసెల్లో ఉంటారు. గోడ దూకేదీ వాళ్లే. అందుకని వాళ్లలో ఎవరైనా కాపలా పని అడిగితే సూపర్‌వైజర్ ఒకటే షరతు పెడతాడు. మూడు రోజుల్లో తనవాళ్లలో ఒకణ్ణి పట్టుకుని, అందరి ముందూ చితక్కొట్టి చూపించాలి. నెగ్గితే నెల జీతం, ప్రహరీ లోపల తలుపున్న గది. లేకపోతే వచ్చిన దారే. మొదటి రెండు రోజులూ గోడ మీద పిట్ట కూడా వాలలేదు.

"మీవాడని చెయ్యి రావట్లేదా? ఇందుకే మీ వలసోళ్లని నమ్మనిది!"

కొత్తవాడు పళ్లు బిగించాడు. రెండో దెబ్బకి మోచేతి ఎముక పటుక్కుమంది. మూడోది మూతి మీద పడింది. పన్ను ఊడి సిమెంటు నేల మీద పడింది. తీగ చుట్ట దొర్లుకుంటూ లారీ కిందికి పోయింది.

ముసలాడు తిట్టలేదు. దండం పెట్టలేదు. మెల్లగా తల వంచి వీపు చూపించాడు.

"మొండి ఘటం. కిక్కురుమనడేం?" సూపర్‌వైజర్ ముందుకొచ్చాడు. "మూలిగేదాకా వాయించు."

కర్ర లేచింది, పడింది. లేచింది, పడింది. హమాలీల నవ్వు ఆగిపోయింది. చొక్కా చిరిగి రక్తం నడుము దాకా కారింది. చివరికి ముసలాడు మూలిగాడు.

"చాల్లేరా నాయనా, పోతాడు," అన్నాడు ఒక హమాలీ.

"ఇప్పుడు మనిషివయ్యావు!" సూపర్‌వైజర్ తాళంచెవి విసిరాడు. "రేపు ఆరింటికల్లా డ్యూటీ ఎక్కు. ఒరేయ్, వీణ్ణి ఈడ్చి గేటు బయట పారేయండి."

పొద్దు వాలుతుండగా కొత్తవాడు గుడిసెకి వచ్చాడు. భార్య పొయ్యి మీద ఉప్పునీళ్లు కాస్తోంది. అతను తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, గుమ్మంలోనే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఊరుకోరా పెద్దోడా, ముందు నన్ను లేచి నిలబడేలా చెయ్యి, ఎల్లుండి పక్క గోదాములో తమ్ముడికీ ఇదే పరీక్ష," అన్నాడు చాప మీద నుంచి తండ్రి, వాచిన పెదవులు కూడదీసుకుని.