కంపు పోయాక

"అన్నం మాడిపోతంది! పక్కనే కూకొని ఏటి సేత్తన్నావయ్యా?"

దేముడమ్మ నీళ్లబిందె గుమ్మంలోనే దించి, పొయ్యి మీది కుండను గబుక్కున లాగింది. మాడు వాసన వాకిలి దాకా కొడుతోంది.

మొగుడు ఫల్గుణ తల దించుకున్నాడు. ఫ్యాక్టరీలో గ్యాస్ లీకై, నెలల తరబడి విశాఖ ఆసుపత్రిలో ఉండి, ఈ మధ్యే ఇంటికొచ్చాడు.

"నాకు వాసన తెలవదే."

"ఎప్పట్నుంచి?"

"ఆ రోజు కాడ్నుంచే. ఫ్యాక్టరీ మురుగు గోతిలో ముందు కుళ్లిన గుడ్ల కంపు కొట్టింది. కాసేపటికి కంపు పోయింది. గేసు పోయిందనుకొని నాతో పనిసేసే పోతురాజూ నేనూ దిగినాం. గేసు పోనేదు. మా ముక్కులే సచ్చిపోయాయి. నన్ను పైకి లాగినారు. ఆడు దక్కనేదు."

"మరి నిన్న కాఫీ పూలు మంచి వాసనంటే అవునన్నావు?"

"నువ్వు సంబరంగా అడిగినావు."

దేముడమ్మ అతని పక్కన చతికిలబడింది. ఎదురుగా కొండవాలు తోటలన్నీ తెల్లగా పూసి ఉన్నాయి.

"ఎలాగుంది వాసన? సెప్పు" అన్నాడు ఫల్గుణ.

ఆమె గుండెల నిండా గాలి పీల్చింది.

"మల్లెపూల్లాగుంది."

"మల్లెపూలు ఎలాగుంటాయో అదీ గుర్తు రావట్నేదే."

తాను ఇంత దగ్గరగా కూర్చున్నా అతను ఒంటరిగానే ఉన్నాడని ఆమెకు అప్పుడు తెలిసింది.