మునకా, బుడుంగూ

ఏనుగు దొర ఏలే అడవిలో రెండు చెరువులున్నాయి. రెండింటిలోనూ దొరగారి ఈత బడులే. తూర్పు చెరువు ఎండిపోవడంతో నీటికాకి పడమటి బడికి వచ్చింది. తొలివానలోపు చదువు పూర్తయితేనే పెద్ద మడుగులో వేటకు అనుమతి. లేకుంటే ఏడాదంతా ఒడ్డున ఏరుకు తినాలి.

కొంగ మాస్టారు దాని తూర్పు బడి పత్రం చూసి ముక్కు విరిచారు. "ఇందులో 'మునక' అని ఉందమ్మా. మేం చెప్పేది 'బుడుంగు'. మళ్ళీ మొదటినుంచి నేర్చుకో."

"రెండూ ఒకటేగా మాస్టారూ?"

"ఒకటైతే రెండు పేర్లెందుకుంటాయి?"

బడిలోని కప్పలు కిసుక్కున నవ్వాయి. నీటికాకికి ఒళ్ళు మండింది. అయినా వాదన పెంచకుండా నీళ్ళలోకి దూకి, అడుగుదాకా వెళ్ళి, ఒక జెల్ల చేపను పట్టుకొచ్చి మాస్టారి కాళ్ళ ముందు పడేసింది.

"మునిగి పట్టానో, బుడుంగుమని పట్టానో దీన్నే అడగండి."

మాస్టారు జెల్లను ముక్కుతో అటూ ఇటూ తిప్పి చూశారు. "సరే, నీకు మాత్రం పై తరగతి ఇస్తాను."

"నాకు మాత్రం కాదు మాస్టారూ. రెండూ ఒకటేనని బడి పుస్తకంలో రాయండి. నా వెనక తూర్పు చెరువు వాళ్ళంతా వస్తున్నారు. మీరు రాసేదాకా నేను తడి ఆరబెట్టుకుంటాను," అంటూ నీటికాకి మాస్టారి దారికి అడ్డంగా రెండు రెక్కలూ బార్లా చాచి నిలబడింది.