సారుకు తెలియని ఆకు

“సంతకం పెట్టను. యాభై మొక్కలు అతికించిన రికార్డు లేకుండా ప్రాక్టికల్స్‌కు ఎట్లా వస్తావమ్మాయ్?”

బోటనీ లెక్చరర్ వెంకటరామారావు గట్టిగా తుమ్మి, నీలగిరి తైలం చల్లిన చేతిరుమాలు ముక్కుకు అదుముకున్నాడు. డిగ్రీ పిల్లల్ని వెంటబెట్టుకుని భద్రాచలం అడవికి వచ్చిన దగ్గర్నుంచీ ఆయనకు జలుబు.

లతీఫాకు ఏడుపొక్కటే తక్కువ. ఏడాదంతా అతికించిన ఆకులు బస్సు టాపు మీద నిన్నటి వానకు నానిపోయాయి. సంతకం పడకపోతే ఈ ఏడు పరీక్ష పోయినట్టే.

“ఒక్క మౌకా ఇయ్యుండ్రి సార్.”

“సరే. నేను పేరు చెప్పలేని ఆకు ఒక్కటి తీసుకురా. కళ్లు మూసుకుని సంతకం పెడతాను.”

ఇరవై ఏళ్లుగా ఆ పందెంలో ఓడని మనిషి. పిల్లలంతా లతీఫా తరఫున అడవి మీద పడ్డారు. సారు ఫారెస్టు బంగళా వరండాలో దర్జాగా కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

“తొడిమ విరిస్తే పాలు. ఇప్ప. సపోటా కుటుంబం. ఇదేమో నల్లమద్ది, ఆకు అడుగున ఈ రెండు పొక్కులు చూడండి. కరక్కాయకు చుట్టం. ఇది నల్లజీడి, మామిడి కుటుంబం. తెచ్చినవాడు చేతులు కడుక్కో, బొబ్బలెక్కుతాయి.”

ఆకులు కుప్పపడుతున్నాయి. లతీఫా ముఖం చిన్నబోతోంది. పిల్లలకు వంట చేయడానికి వచ్చిన జంపక్క అది చూడలేకపోయింది. పొయ్యి దగ్గర్నుంచి లేచి, ప్రహరీ అవతలికి పోయి, చిన్న కొమ్మ తెచ్చి లతీఫా చేతిలో పెట్టింది.

“ఇది సూపియ్యి బిడ్డా.”

అరచేయంత వెడల్పు ఆకులు. సారు ఒకటి తుంచి వెలుతురుకు ఎత్తి పట్టాడు.

“సన్నటి నూనె చుక్కలు. అంచు వెంబడే ఈనె. జామ కుటుంబం, అనుమానమే లేదు.”

“పేరు చెప్పాలె సార్,” అంది లతీఫా.

“జామ కాదు. నేరేడూ కాదు, దానికి ఆకులు ఎదురెదురుగా ఉంటాయి.” నలిపి వాసన చూశాడు. లాభం లేదు. పొద్దున్నుంచీ ఆయనకు ఏ ఆకైనా ఒకటే వాసన. కొమ్మ తిరగేశాడు, లావుపాటి పుస్తకం తిరగేశాడు. జంపక్క కాచిన చారు చల్లారిపోయింది.

“ఇది అసలు ఈ అడవి చెట్టు కాదు,” అన్నాడు చివరికి.

“అవ్ సారూ. మేమే నాటినం,” అంది జంపక్క.

పంతం ఉన్నా మాట తప్పే మనిషి కాదు. పెన్ను తీసి, ఉబ్బిపోయిన రికార్డు మీద సంతకం గీకాడు. లతీఫా దాన్ని గుండెకు హత్తుకుంది. ఆ పిల్ల సంతోషం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది, సారుకు తప్ప.

“ఇప్పుడన్నా చెప్పు. ఏం చెట్టిది?”

“జామాయిల్ సారూ.”

“నాకు తెలియదా జామాయిల్? నీలగిరి చెట్టేగా! దాని ఆకు సన్నగా కొడవలిలా ఉంటుంది.”

“పెద్ద చెట్టుకు గట్లనే ఉంటది. కాయితం మిల్లుకు కొట్టినంక మోడుకు లేచే పిలకలకు గిట్ల ఎడల్పుగ వస్తది.”

“మరి వాసన? వాసనైనా రావాలిగా?” అంటూ సారు చేతిరుమాలు మళ్లీ ముక్కుకు అదుముకున్నాడు.

జంపక్క చారు గిన్నె మళ్లీ పొయ్యి మీదికెక్కిస్తూ అంది:

“వస్తనే ఉన్నది సారూ, పొద్దుగాల సంది మీ దస్తీల నుంచి.”